గంగానది డాల్ఫిన్ల గణన

గంగా, బ్రహ్మపుత్ర నదుల బురదనీటిలో జీవించే డాల్ఫిన్ కంటిలో కటకం ఉండదు. వెలుగుచీకట్ల తేడాను మించి దాదాపు ఏమీ చూడలేని ఈ క్షీరదం, తాను వెలువరించిన ధ్వనులు చేపలకో గట్టుకో తగిలి తిరిగివచ్చే తీరునుబట్టి దారినీ ఆహారాన్నీ వెదుక్కుంటుంది. ఊపిరి కోసం పైకి వచ్చినప్పుడు సన్నని పొడవాటి మూతి, దాని వెంట బూడిదరంగు వీపు క్షణకాలం తేలి మునిగిపోతాయి. ఆ ఊపిరి చప్పుడునుబట్టే ఉత్తరాదివారు దీనిని ‘సూంస్’ అంటారు.

ఇంత లిప్తకాలం కనిపించే ప్రాణిని లెక్కపెట్టడం సామాన్యమైన పని కాదు. అందుచేత రెండు బృందాలు ఒకదానితో ఒకటి సంప్రదించకుండా వేర్వేరుగా లెక్క రాసుకుంటాయి. ఒకరు చూసి మరొకరు చూడనివి ఎన్నో సరిపోల్చి, ఇద్దరి కంటా పడనివాటి సంఖ్యను శాస్త్రజ్ఞులు గణితరీత్యా అంచనా కడతారు. నీటి అడుగున ధ్వనులను పట్టే హైడ్రోఫోన్ కూడా ఇందుకు తోడ్పడుతుంది. 2021–23 మధ్య జరిపి 2025 మార్చిలో వెల్లడించిన సర్వేలో, సుమారు 8,500 కిలోమీటర్ల నదీమార్గంలో 6,327 నదీ డాల్ఫిన్లు ఉన్నట్లు తేలింది. వాటిలో పంజాబులోని బియాస్ నదిలో మిగిలిన సింధునది డాల్ఫిన్లు మూడంటే మూడే.

బిహారులో సుల్తాన్‌గంజ్ నుంచి కహల్‌గావ్ వరకు 1991లోనే అభయారణ్యం ఏర్పడినా, 2009లో జాతీయ జలచరమన్న గౌరవం దక్కినా, చేపలవలలు మాత్రం చేపకూ డాల్ఫిన్‌కూ భేదం ఎరుగవు. వలలో చిక్కి చచ్చినదాని కొవ్వునుంచి తీసిన నూనె చేపలకు ఎరగా పనికివస్తుంది గనుక, దానికి బదులుగా చేపల వ్యర్థాల నూనెను పరిశోధకులు ప్రయోగించి చూశారు.