స్వహస్తముతో కూర్చిన వాద్యము



బొబ్బిలి వీణను ఒకే పనసదుంగనుండి మలచుదురు. ఆ విద్య గురువు చెంతనుండి నేర్వవలసినదే కాని, పుస్తకము చూచి పట్టుబడునది కాదు. ఇరువదవ శతాబ్దిలో వేరొక జాతి వాద్యము పుట్టినది. పత్రికలోని పటము చూచి, విడిభాగములు తెప్పించుకొని, దానిని ఇంటిలోనే కూర్చుకొనవచ్చును. దాని పేరు థెరెమిన్.

రష్యా దేశపు భౌతికశాస్త్రజ్ఞుడు లియోన్ థెరెమిన్ 1920 ప్రాంతమున దీనిని కనిపెట్టెను. వాయించువాడు ఈ వాద్యమును తాకడు! పెట్టెకు ఒక ప్రక్క నిలువు కడ్డీ, మరియొక ప్రక్క వంపుతీగ యుండును. కడ్డీకి ఒక చేయి దగ్గరయిన కొలది స్వరము హెచ్చును. తీగకు రెండవ చేయి దగ్గరయిన కొలది ధ్వని తగ్గును.

ఇందులో మాయ యేమియు లేదు. పెట్టెలో స్వరమునకై రెండు విద్యుత్ కంపనజనకములుండును. వాని కంపనములు సెకనుకు లక్షలకొలది యగుటచే చెవికి వినబడవు. ఒకటి మారదు; రెండవది చేతి సామీప్యముచే మారును. ఉదాహరణమునకు, మొదటిది 3,00,000, రెండవది 2,99,560 అయినచో, ఆ రెంటి భేదమైన 440 కంపనముల స్వరము మనకు వినబడును. చేయి కొంచెము కదలినను స్వరము జారును. మెట్లు లేని వాద్యమగుటచే గమకములు సుకరములే. స్వరమును నిలుపుటయే కష్టము.

1934లో న్యూయార్కులో జన్మించిన రాబర్ట్ మోగ్ పదునాలుగేండ్ల ప్రాయమున ఒక పత్రికలోని పటము ననుసరించి థెరెమిన్‌ను నిర్మించెను. తెలుగువారి చెవికి ఆ ఇంటిపేరే వాద్యమునకు తగినట్లున్నది! అనంతరము తండ్రితో కలసి వానిని తయారుచేసి విక్రయింపసాగెను. 1961లో ట్రాన్సిస్టర్లతో పనిచేయు థెరెమిన్ నిర్మాణవిధానమును ఒక పత్రికలో సచిత్రముగా వెల్లడించెను. విడిభాగముల పెట్టెను సుమారు 50 డాలర్లకు అమ్మెను. దాదాపు వేయి పెట్టెలు అమ్ముడుపోయినవి.

రహస్యమును వెల్లడించినచో వ్యాపారము చెడునని లోకులు తలంతురు. ఇచ్చట జరిగినది వేరు. ఆ విధానముతో థెరెమిన్‌ను కూర్చుకొన్నవారిలో హెర్బర్ట్ డాయిష్ అను సంగీతాచార్యుడొకడు. ఆయన 1963లో మోగ్‌ను కలిసికొనెను. స్వరకర్తకు ఎట్టి ధ్వనులు కావలయునో ఆయన చెప్పగా, వానిని విద్యుత్తుతో ఎట్లు పుట్టింపవచ్చునో మోగ్ యోచించెను. 1964లో వారి ఉమ్మడి కృషిచే మోగ్ సింథసైజర్ తొలి నమూనా వెలువడినది. కొన్నవాడు కొన్నవాడుగనే మిగులక సహకర్త యయ్యెను. పూర్తిగా తయారైన వాద్యమును కొన్నవానికి దానిని వాయించుటయే తెలియును; కూర్చినవానికి దాని లోపమును తెలియును, మార్పవలసినదియు తెలియును.

ఈ పనికి పాండిత్యముకంటె ఓర్పు ముఖ్యము. తీగ కొసలను శుభ్రపరచి, చక్కగా కాచి మాటు వేయవలెను. సరిగా కాగని మాటు ఒక్కటి యున్నను వాద్యము మూగబోవును. ధన ఋణ ధ్రువములు తారుమారైనచో భాగములు చెడును. వెనుకటి వాల్వు యంత్రములలో ప్రాణాపాయకరమైన విద్యుత్పీడనముండెడిది. కావున క్రొత్తవారు చిన్న బ్యాటరీతో నడచు పెట్టెలతోనే ఆరంభింపవలెను.

ఒక బాలునికి పత్రికలో లభించిన పటము ఒక క్రొత్త వాద్యపరంపరకు దారితీసినది. ఆ పటము బీరువాలో తాళము క్రింద నుండినచో ఆ బాలునికి అందియుండెడిది కాదు. రజతోత్సవము జరుపుకొను గ్రంథాలయము గ్రంథముల సంఖ్యను లెక్కించుకొనుట సహజమే. దానితోపాటు శాస్త్రపత్రికలను పిల్లల చేతికందునట్లు బల్లపై నుంచుటయు, చూచిన పటమును చేసి చూచుటకు ఒక మూల కొంత చోటు కల్పించుటయు దాని విధి. పుటలు నలిగిన నలుగుగాక. అట్లు నలిగిన పుటయే ఫలించిన పుట.