కాలి నరాలు ఎందుకు ఉబ్బుతాయి?



కిందటి వైద్య శిబిరానికి కైకలూరు వైపు నుంచి ఒకావిడ వచ్చారు. చేపల ప్యాకింగ్ షెడ్డులో పని. చీలమండ లోపలి వైపున మానని పుండు, చుట్టూ నల్లబడిన చర్మం, పిక్క మీద మెలికలు తిరిగిన నరాలు. "బోదకాలే బాబూ, మా వైపు చాలామందికి ఉంది" అన్నారు. మూడేళ్లుగా దానికే మందులు వాడుతున్నారట. మన గోదావరి జిల్లాల్లో కాలు వాచిందంటే ముందు దోమనే అనుమానిస్తాము. అందులో తప్పులేదు. కానీ ఆవిడది వెరికోస్ వెయిన్స్.

బోదకాలులో దోమ ద్వారా చేరిన పురుగులు లింఫు నాళాలను పాడుచేస్తాయి. ఇక్కడ చెడేది వేరు. మనం నరాలంటున్నవి నిజానికి రక్తాన్ని గుండెకు తిరిగి చేర్చే సిరలు. పాదం నుంచి పైకెక్కిన రక్తం మళ్లీ కిందికి జారకుండా వాటి లోపల కవాటాలుంటాయి, మన కాలువ లాకుల తలుపుల్లాగా. ఇటలీ వైద్యుడు ఫాబ్రిషియస్ 1603లో వీటిని బొమ్మలతో సహా వర్ణించాడు. అవి ఎందుకున్నాయో 1628లో ఆయన శిష్యుడు హార్వే తేల్చాడు.

రక్తాన్ని పైకి తోసే పంపు పిక్క కండరమే. కదలకుండా నిలబడితే చీలమండ దగ్గర సిరల్లో ఒత్తిడి సుమారు 90 మిల్లీమీటర్లుంటుంది. నడక మొదలుపెడితే బాగా పడిపోతుంది. కవాటం సరిగా మూసుకోకపోతే రక్తం వెనక్కి జారి నిలుస్తుంది, సిర సాగుతుంది. సాగినకొద్దీ ఆ తలుపు రెక్కలు మరింత ఎడమవుతాయి. పుండు దాకా తెచ్చేది ఈ ఒత్తిడే.

మరి కవాటం ఎందుకు చెడుతుంది? చాలామందిలో సిర గోడ బలహీనత తల్లిదండ్రుల నుంచి వస్తుంది. కాన్పు కాన్పుకూ స్త్రీలలో ఇది పెరుగుతుంది: గర్భంలో రక్తం పరిమాణం పెరుగుతుంది, హార్మోన్లు సిరలను వదులు చేస్తాయి, గర్భసంచి పైనుంచి నొక్కుతుంది. వయసు, అధిక బరువు, లోపలి సిరలో ఎప్పుడో కట్టిన రక్తపు గడ్డ కూడా కారణాలే. నీళ్లలో నిలబడితే వస్తుందన్న మాట మాత్రం సగమే నిజం. తప్పు నీళ్లది కాదు, గంటల తరబడి కదలకుండా నిలబడటానిది. క్షౌరశాలలో, దోసెల పెనం దగ్గర నిలబడేవారికీ, మగ్గం ముందు కదలకుండా కూర్చుని తివాచీ ముళ్లు వేసేవారికీ పిక్క పంపు ఆడదు. తొక్కుడు కుట్టుమిషను కాస్త నయం, పాదం ఆడుతుంది. మోటారు బిగించాక ఆ మేలూ పోయింది.

"పని మానేయమంటారా?" అని ఆవిడ అడిగారు. మానితే ఇల్లు గడవదు. అరగంటకోసారి మడమలెత్తి దించమన్నాము, రాత్రి కాళ్లు ఎత్తు మీద పెట్టుకోమన్నాము. డాప్లర్ స్కానుకు పంపాము. ధమనుల్లో రక్తం బాగానే పారుతోందని తేలాకే బిగుతు కట్టు మొదలైంది. చక్కెర జబ్బున్నవారు ఆ పరీక్ష లేకుండా కట్టు కట్టించుకోకూడదు. ఉబ్బిన నరం చిట్లి రక్తం కారితే మాత్రం పడుకుని, కాలు పైకెత్తి, గట్టిగా అదిమి పట్టాలి.

కొన్ని నెలలకు పుండు మానింది. ఆ రోజు వెంట వచ్చిన కూతురి కాళ్లూ చూశాము. ఇరవై దాటని పిల్ల, అదే షెడ్డులో పని. మోకాలి వెనుక ఒక సిర అప్పుడే తేలుతోంది.