అరవై సంవత్సరాలు – ఒక పైథాన్ పాఠము
(ఉగాది సభలో హైస్కూలు విద్యార్థులకు చేసిన ప్రసంగము)

 

పైథాన్ అనగానే ముందు వరుసలోని పిల్లలు కొండచిలువను తలచుకొని నవ్వుతున్నారు. పాముతో దీనికి సంబంధము లేదు. హాలెండు దేశస్థుడైన గిడో వాన్ రోసమ్ 1991లో ఈ కంప్యూటరు భాషను లోకానికి ఇస్తూ, తాను మెచ్చిన ఒక బ్రిటిష్ హాస్య కార్యక్రమము పేరు పెట్టినాడు. అంతే.

ఇంగ్లీషు బాగా రానిదే ఇది వస్తుందా అని మన హోసూరు తల్లిదండ్రులు మమ్మల్ని అడుగుతుంటారు. ఇఫ్, ఎల్స్, ఫర్, వైల్ వంటి మార్చరాని మాటలు ఈ భాషలో సుమారు 35 మాత్రమే. వీటితోపాటు ప్రింట్, లెన్ వంటి సిద్ధమైన పనిముట్ల పేర్లు కొన్ని ఇంగ్లీషులోనే ఉంటాయి. మనము పెట్టుకొనే పేర్లు మాత్రము 2008 చివర వచ్చిన మూడవ పైథాన్ మొదలుకొని తెలుగు లిపిలోనే వ్రాయవచ్చును. బడిలో తెలుగు చదవని మన పిల్లలకు అక్షరాలు దిద్దుకొనడానికి ఇంతకన్న మంచి సాకు మాకు కనబడలేదు.

ప్రభవ మొదలు అక్షయ వరకు అరవై పేర్లను వరుసగా ఒక జాబితాలో ఉంచండి. దానికి ‘సంవత్సరాలు’ అని పేరు పెట్టండి. గడచిన ప్రభవ 1987లో వచ్చినది. కావలసిన ఏడులోనుండి 1987 తీసివేసి, వచ్చినదానిని 60చేత భాగించి, శేషము మాత్రము తీసుకొనవలెను. 2026కు శేషము 39. వ్రేళ్ళమీద ఎంచితే పరాభవ నలభైయవది గదా? పైథాన్ మొదటి పేరును సున్న అంటుంది; కనుక 39వ స్థానములో ఉన్నది పరాభవే. నలభై అని అడిగినవారికి ప్లవంగ వస్తుంది.

తాతగారు 1950 వైశాఖములో పుట్టినారనుకోండి. తీసివేత –37 అవుతుంది. సి భాషలో శేషము కూడా –37గానే మిగులును. పైథాన్ 23 ఇచ్చును. ఆ స్థానములో వికృతి. తాతగారిని అడగండి, ఔనంటారు.

ఇక 2011 జనవరిలో పుట్టిన మనుమడి సంగతి చూడండి. శేషము 24, పేరు ఖర అని వస్తుంది. అది తప్పు. ఆ ఏడు ఉగాది ఏప్రిల్ 4న గాని రాలేదు; అంతవరకు నడిచినది వికృతే. ఇక్కడ ఇఫ్ కావలెను: పుట్టినరోజు ఉగాదికి ముందైతే ఒకటి తగ్గించు. ఆ తగ్గించే పంక్తిని నాలుగు ఖాళీలు విడిచి లోపలికి జరిపి వ్రాయవలెను; పైథానుకు ఆ ఖాళీలే ఆజ్ఞ. అప్పుడు తాతకూ మనుమడికీ ఒకే సంవత్సరము వస్తుంది! ఉగాది తేదీ ఏటేటా మారుతుంది గనుక దానిని పంచాంగము చూచి మనమే అందించవలెను. మన తమిళ మిత్రులకూ ఇవే అరవై పేర్లు. వారి ఏడు ఏప్రిల్ నడుమ మొదలగును గనుక వారికి ఆ ఒక్క తేదీ మార్చి ఇస్తే చాలు.

మరొక వింత. లెన్ అనే పనిముట్టుతో ‘ఉగాది’ మాట పొడవు అడిగితే 5 అంటుంది. మన కంటికి మూడక్షరాలే. అది దీర్ఘమును, గుడిని విడివిడిగా ఎంచుతుంది. అదే లెన్ జాబితాకు వేస్తే అందులో ఎన్ని పేర్లున్నవో చెప్పును.

అరవై పేర్లను పుస్తకము చూచి ఎక్కించవద్దని మా కోరిక. ఇంట్లో అవ్వ చెప్పగా వినండి, తెలుగులో టైపు చేయండి. నడుమ ఒక్కటి జారితే తరువాతివన్నీ ఒక మెట్టు జరుగును. అందుచేత చివర లెన్ వేసి 60 వచ్చినదో లేదో చూడండి. 59 వస్తే మళ్ళీ అవ్వ దగ్గరకు వెళ్ళండి.