కష్టకాలంలో విశ్వాసి: హుదైబియా నేర్పిన పాఠం

అల్లాహ్‌ను స్తుతిస్తూ, ఆయన సహాయాన్నీ క్షమాభిక్షనూ అర్థిస్తూ, అంతిమ దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం) పైనా, వారి కుటుంబీకులపైనా, సహచరులందరిపైనా శాంతి శుభాలు కురవాలని వేడుకుంటూ ఈ జుమా ప్రసంగాన్ని ప్రారంభిస్తున్నాము.

గౌరవనీయులైన ధార్మిక సోదరులారా! తెర వెనుక కూర్చొని వింటున్న సోదరీమణులారా! అల్లాహ్ పట్ల భయభక్తులు కలిగి జీవించవలసిందిగా ముందు మమ్మల్ని మేము, ఆ తరువాత మిమ్మల్ని హెచ్చరించుకుంటున్నాము.

ఈ రోజు మా ఇంటి విషయం ఒకటి చెప్పి ప్రసంగంలోకి వస్తాము. కొన్నేళ్ళ క్రితం మేము ఒక పట్టణంలో అద్దె ఇంటి కోసం తిరిగాము. ఒక వీధిలో ‘టులెట్’ బోర్డు చూసి లోపలికి వెళ్ళాము. యజమాని ఆదరంగా కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇప్పించారు. గదులు చూపించారు. అద్దె, అడ్వాన్సు మాటలు కూడా పూర్తయ్యాయి. చివరకు పేరు అడిగారు, చెప్పాము. ఆయన ముఖంలో వెలుగు తగ్గింది. ఊళ్ళో ఉన్న అన్నగారిని అడిగి కబురు చేస్తామన్నారు. ఆ కబురు ఎన్నడూ రాలేదు. తిరిగి వస్తుండగా దారిలో మా చిన్నమ్మాయి అడిగింది: “అబ్బా, మనం పేరు చెప్పకుండా ఉంటే ఇల్లు ఇచ్చేవారా?”

వారం వారం మింబర్ మీద నిలబడి సహనాన్ని గూర్చి బోధించే మాకు ఆ పసిదాని ప్రశ్నకు జవాబు దొరకలేదు. ఆ రాత్రి ఇషా నమాజులో పెదవులు కదిలాయి గాని మనస్సు నిలవలేదు. ఈ నేల మీద పుట్టి, ఈ భాషలో మాటలు నేర్చి, ఈ నీళ్ళు తాగి పెరిగిన వారము. అయినా పేరు వినగానే పరాయివారము కావలసి వచ్చిందే అన్న బాధ మమ్మల్ని కమ్మివేసింది. నిరాశ విశ్వాసికి తగదని మీకు చెప్పే మేమే ఆ రాత్రి నిరాశ అంచున నిలబడి ఉన్నామని ఈ మింబర్ మీద నుండి ఒప్పుకుంటున్నాము.

సోదరులారా! ఇటువంటి అనుభవం మీలోనూ కొందరికి ఉన్నది. బడిలో పిల్లవాడిని తోటివారు గేలి చేసి ఉండవచ్చు. కొలువు కోసం వెళ్ళినచోట ఎవరో అదోలా చూసి ఉండవచ్చు. ఉదయం వార్తలు చదివి గుండె బరువెక్కి ఉండవచ్చు. అలాంటప్పుడు మనస్సుకు రెండు దారులు కనిపిస్తాయి. ఒకటి, మన గుర్తింపును చూసి మనమే సిగ్గుపడి దాచుకోవడం. రెండవది, కోపంతో రగిలి, ఒకరు చేసిన తప్పుకు అందరినీ శత్రువులుగా భావించడం. ఈ రెండూ కాని మూడవ దారిని దైవప్రవక్త (స) తమ ఆచరణ ద్వారా చూపించారు. ఆ దారి హుదైబియా మైదానం గుండా పోతుంది.

హిజ్రీ 6వ సంవత్సరం, జుల్‌ఖాదా మాసం. క్రీస్తుశకం ప్రకారం 628వ సంవత్సరం. దైవప్రవక్త (స) సుమారు 1,400 మంది సహచరులతో ఉమ్రా కొరకు మదీనా నుండి బయలుదేరారు. యుద్ధానికి కాదు, కాబా దర్శనానికి. ఒంటి మీద ఇహ్రామ్ వస్త్రాలు, వెంట ఖుర్బానీ పశువులు. వారిలో ముహాజిర్లకు మక్కా సొంత ఊరు. అక్కడే పుట్టారు, అక్కడి నుండే తరిమివేయబడ్డారు. ఆరేళ్ళ తరువాత ఆ ఊరి పొలిమేరకు చేరుకోగానే ఖురైషులు దారి అడ్డగించారు. సొంత ఊరిలోకి అడుగు పెట్టరాదన్నారు. సోదరులారా! మన గడపలోనే మనల్ని పరాయివారిగా చూస్తున్నారని మనం బాధపడుతున్నామే, ఆ బాధ రుచి మనకంటే ముందు వారు చూశారు.

సంప్రదింపుల కొరకు హజ్రత్ ఉస్మాన్ (రజి)ను మక్కాకు పంపించారు. ఆయన తిరిగి రావడం ఆలస్యమైనది. ఉస్మాన్ (రజి)ను చంపివేశారన్న వదంతి పుట్టింది. దైవప్రవక్త (స) ఒక చెట్టు నీడన కూర్చొని సహచరుల చేత ప్రమాణం చేయించుకున్నారు. అదే ‘బైఅతె రిజ్వాన్’. ఆ తరువాత ఆ వార్త నిజం కాదని తేలింది. ప్రాణాలర్పించడానికి సిద్ధపడి ప్రమాణం చేసినవారు, నిజం తెలియగానే ఆయుధం వైపు చేయి చాచకుండా సంధి వైపు నడిచారు. ఈనాడు మన సెల్‌ఫోన్లలోకి గంటకొక వదంతి వస్తున్నది. వార్త తెచ్చినవాడు నమ్మదగినవాడు కానప్పుడు విచారించి నిర్ధారించుకొమ్మని హుజురాత్ సూరాలో అల్లాహ్ మనల్ని ఆదేశించాడు. విచారించకుండా ఒక సందేశాన్ని పదిమందికి పంపినవాడు, తెలియని ఊరిలో తెలియని ఇంటికి నిప్పు పెట్టినవాడు కాగలడు. ఆ వేలి పనికి కూడా రేపు లెక్క చెప్పవలసి ఉంటుంది.

ఖురైషుల తరఫున సుహైల్ బిన్ అమ్ర్ ఒప్పందం కుదుర్చుకోవడానికి వచ్చాడు. హజ్రత్ అలీ (రజి) వ్రాస్తున్నారు. కరుణామయుడు, కృపాశీలుడు అన్న అల్లాహ్ నామాలతో ప్రారంభించగా సుహైల్ ఒప్పుకోలేదు. తమకు అలవాటైన పద్ధతిలో వ్రాయమన్నాడు. అలాగే వ్రాయించారు. తరువాత ‘అల్లాహ్ ప్రవక్త ముహమ్మద్’ అన్న మాట వచ్చింది. సుహైల్ మళ్ళీ అడ్డుపడ్డాడు. మిమ్మల్ని ప్రవక్తగా అంగీకరించి ఉంటే ఈ గొడవే ఉండేది కాదు గదా, ఆ మాట తీసివేసి తండ్రి పేరుతో వ్రాయించండన్నాడు. ఆ మాటను చెరపడానికి హజ్రత్ అలీ (రజి)కి చేయి రాలేదు. ఏ సహచరునికి వస్తుంది? అప్పుడు దైవప్రవక్త (స) ఆ మాట ఉన్న చోటు చూపించమని, స్వయంగా తమ చేత్తో దానిని చెరిపివేశారు. ‘అబ్దుల్లాహ్ కుమారుడు ముహమ్మద్’ అని వ్రాయించారు. మీరు నిరాకరించినా నేను అల్లాహ్ ప్రవక్తనే అన్న సత్యాన్ని మాత్రం స్పష్టంగా ప్రకటించారు.

విశ్వాసులారా! ఇక్కడ కాసేపు ఆగి ఆలోచిద్దాము. ఒక మనిషి గుర్తింపును నిరాకరించడంలో ఇంతకు మించిన సందర్భం ఉన్నదా? లోకంలో అందరికంటే గౌరవనీయులైన వారి హోదాను, వారి ఎదుటే, వారి చేతనే చెరిపించారు. అయినా వారు క్రుంగిపోలేదు, ఆగ్రహించలేదు. తాము ఎవరన్నది అల్లాహ్ నిర్ణయించిన విషయమని, సుహైల్ ఒప్పుకోనంత మాత్రాన అది తరగదని వారికి తెలుసు. కాగితం మీద ఉన్న మాటను శాంతి కోసం వదులుకున్నారు. హృదయంలో ఉన్న సత్యాన్ని రవ్వంత కూడా వదులుకోలేదు. ఏది వదులుకోవచ్చునో, ఏది వదులుకోరాదో తెలిసి ఉండటమే ఈ మూడవ దారి.

ఒప్పందం షరతులు ముస్లిములకు చేదుగా ఉన్నాయి. 10 సంవత్సరాల పాటు యుద్ధం ఉండరాదు. ఈ ఏడు వెనుదిరిగి, మరుసటి ఏడు వచ్చి 3 రోజులు మాత్రమే మక్కాలో ఉండాలి. మక్కా నుండి పెద్దల అనుమతి లేకుండా ఎవరైనా వస్తే తిరిగి అప్పగించాలి. సరిగ్గా ఆ సమయంలోనే సుహైల్ కుమారుడు అబూ జందల్ (రజి) సంకెళ్ళను ఈడ్చుకుంటూ వచ్చి వారి మధ్య పడ్డాడు. విశ్వసించాడన్న నేరానికి కన్నతండ్రే బంధించిన యువకుడు ఆయన. ఒప్పందం ప్రకారం ఆయనను తిరిగి అప్పగించవలసి వచ్చింది. చూసినవారి గుండెలు పగిలాయి. హజ్రత్ ఉమర్ (రజి) వంటి వారు కూడా, మనం సత్యం మీద లేమా, అలాంటప్పుడు ఈ అవమానం ఎందుకు అని దైవప్రవక్త (స)ను అడిగారు. ఆనాటి ఆవేశానికి ప్రాయశ్చిత్తంగా ఆ తరువాత ఎన్నో దానాలు చేశారు, ఉపవాసాలు పాటించారు. కష్టం వచ్చినప్పుడు మనస్సు కలతపడితే, నా విశ్వాసం పోయిందేమోనని ఎవరూ బెంబేలెత్తనవసరం లేదు. ఉమర్ (రజి) హృదయం కూడా ఆనాడు కలతపడింది. కాని వారు తమ ప్రవక్తను విడిచి పోలేదు.

ఒప్పందం ముగిసింది. ఖుర్బానీ ఇచ్చి తలలు గొరిగించుకొమ్మని దైవప్రవక్త (స) ఆదేశించారు. ఒక్కరూ లేవలేదు. మూడుసార్లు చెప్పినా ఎవరూ కదలలేదు. అది అవిధేయత కాదు, దుఃఖభారం. అప్పుడు వారు గుడారంలోకి వెళ్ళి సతీమణి హజ్రత్ ఉమ్మె సలమా (రజి)తో ఆ బాధ పంచుకున్నారు. ఈ తల్లి ఎవరో తెలుసుకోవాలి. విశ్వాసం కోసం అబిసీనియాకు వలస వెళ్ళినవారు. మదీనాకు బయలుదేరినప్పుడు భర్త ఒక చోట, బిడ్డ ఒక చోట కాగా, దాదాపు ఏడాది కాలం ఏడుస్తూ గడిపినవారు. ఆ తరువాత ఉహుద్‌లో తగిలిన గాయం కారణంగా భర్తను పోగొట్టుకున్నవారు. దుఃఖం అంటే ఏమిటో ఆమెకు ఎవరూ చెప్పనవసరం లేదు. ఆమె ఇచ్చిన సలహా చిన్నది: ఎవరితోనూ ఏమీ మాట్లాడకుండా బయటకు వెళ్ళి, మీ ఖుర్బానీ మీరు ఇవ్వండి, మీ తల మీరు గొరిగించుకోండి. దైవప్రవక్త (స) అలాగే చేశారు. అది చూసి సహచరులందరూ లేచారు.

మాటలు కదిలించలేని మనుషులను ఆచరణ కదిలించింది. నిరాశకు మందు ఇదే. ఎదుట ఉన్న పనిని అల్లాహ్ కోసం చేయడం ప్రారంభించాలి. ప్రళయం ముంచుకొస్తున్న వేళ కూడా చేతిలో మొక్క ఉన్నవాడు వీలైతే దానిని నాటాలని మన ప్రవక్త (స) బోధించారు. ఆ మొక్క కాయలు కాస్తుందా, నీడనిస్తుందా అని లెక్క వేయడం మన పని కాదు, నాటడం మన పని.

మదీనాకు తిరిగి వెళ్ళే దారిలో ఫతహ్ సూరా అవతరించింది. ఓటమిగా కనిపించిన ఆ ఒప్పందాన్ని అల్లాహ్ స్పష్టమైన విజయమని ప్రకటించాడు. అది ఎలాగన్నది రెండేళ్ళలో లోకానికి తెలిసింది. యుద్ధాలు ఆగినందువల్ల ఇరుపక్షాల మనుషులు కలుసుకున్నారు, మాట్లాడుకున్నారు. దూరం నుండి ద్వేషించినవారు దగ్గరగా చూశారు. హుదైబియాకు 1,400 మందితో వచ్చిన దైవప్రవక్త (స), హిజ్రీ 8వ సంవత్సరంలో 10,000 మందితో మక్కాలో ప్రవేశించారు. ప్రతీకారం తీర్చుకోకుండా క్షమించారు. ‘అల్లాహ్ ప్రవక్త’ అన్న మాటను చెరిపించిన సుహైల్ ఆ తరువాత ఇస్లాం స్వీకరించాడు. దైవప్రవక్త (స) మరణానంతరం మక్కా ప్రజలు తడబడుతున్నప్పుడు లేచి నిలబడి వారిని విశ్వాసం మీద నిలిపినవాడు ఆ సుహైలే. ఈ రోజు మన పేరు విని ముఖం తిప్పుకున్న మనిషి రేపు ఏమవుతాడో అల్లాహ్‌కు మాత్రమే తెలుసు. కాబట్టి ఏ మనిషి మీదా ఆశ వదులుకొనే హక్కు మనకు లేదు.

సోదరులారా! సహనం అంటే అన్యాయాన్ని చూసి నోరు మూసుకోవడం కాదు. మన దేశ రాజ్యాంగం 25వ అధికరణంలో మత స్వేచ్ఛను, 14వ అధికరణంలో చట్టం ముందు సమానత్వాన్ని ఇచ్చింది. ఆ హక్కులను చట్టబద్ధంగా, శాంతియుతంగా అడగడం మన బాధ్యత. కాని ఒక వర్గం మీద ఉన్న కోపం మిమ్మల్ని అన్యాయం వైపు నడిపించరాదని మాయిదా సూరాలో అల్లాహ్ హెచ్చరించాడు. న్యాయం అడిగేవాడు ముందు న్యాయంగా ఉండాలి.

ఆ న్యాయదృష్టితో చూస్తే మన చుట్టూ ఎంతో మంచి కనిపిస్తుంది. దివ్యఖుర్ఆన్‌ను తొలినాళ్ళలోనే తెలుగులోకి అనువదించినవారు చిలుకూరి నారాయణరావు గారు. ముస్లిం కాని ఒక పండితుడు మన గ్రంథాన్ని తెలుగువారికి అందించడానికి అంత శ్రమించారు. పిఠాపురంలో పుట్టిన ఉమర్ ఆలీషా తెలుగులో కావ్యాలు, నాటకాలు రచించి తెలుగు సాహిత్యంలో స్థానం సంపాదించారు. తెలుగు మనకు ఎరువు తెచ్చుకున్న భాష కాదు. 2020, 2021 సంవత్సరాలలో కరోనా వచ్చి అయినవారే శవాలను తాకడానికి భయపడిన రోజులలో, తిరుపతి మొదలుకొని అనేక పట్టణాలలో ముస్లిం యువకులు ముందుకు వచ్చి, హిందూ సోదరుల మృతదేహాలను మోసి, వారి ఆచారం ప్రకారమే అంత్యక్రియలు జరిగేలా చూశారు. ఆ మోసిన భుజాలు మన గుర్తింపును ఏ ఉపన్యాసం చెప్పలేనంత స్పష్టంగా చెప్పాయి.

కాబట్టి ఈ జుమా నుండి వచ్చే జుమా లోపల మనలో ప్రతి ఒక్కరూ మూడు పనులు చేద్దాము. నిజమో కాదో తెలియని ఏ సందేశాన్నీ ముందుకు పంపకుండా ఉందాము. ఇంతవరకు పలకరించని ఒక పొరుగింటి వారిని పలకరించి, వారి కష్టసుఖాలు తెలుసుకుందాము. మన పిల్లలతో కూర్చొని, వారి పేరుకు అర్థమేమిటో, ఆ పేరు పెట్టుకున్న పెద్దలు ఎలా జీవించారో చెబుదాము. తన పేరు వెనుక ఉన్న చరిత్ర తెలిసిన బిడ్డ దానిని దాచుకోవాలని అనుకోదు.

మా అమ్మాయి ప్రశ్నకు జవాబు బాకీ ఉన్నది. ఆ ఇల్లు దొరకని కొద్ది రోజులకు, రెండు వీధుల అవతల ఒక విశ్రాంత ఉపాధ్యాయుని ఇల్లు చూడబోయాము. ఈసారి గడపలోనే ముందుగా పేరు చెప్పాము. ఆయన విని, “పిల్లల్ని ఏ బడిలో వేస్తారండీ?” అని అడిగారు. ఆ ఇంట్లో నాలుగేళ్ళు ఉన్నాము. మా అమ్మాయికి లెక్కలు నేర్పింది ఆయనే. ఆ ఇంటి అరుగు మీద కూర్చొని ఒకనాడు మేము ఆ బిడ్డకు చెప్పాము: “పేరు చెప్పకపోతే ఆ మొదటి ఇల్లు దొరికేదేమో తల్లీ. కాని ఆ ఇంట్లో రోజూ భయపడుతూ బతికేవాళ్ళం. పేరు చెప్పినందువల్ల మాస్టారు దొరికారు.” ఇల్లు దొరకకపోయి ఉన్నా జవాబు ఇదే కావాలని అల్లాహ్‌ను వేడుకుంటున్నాము. ఎందుకంటే విశ్వాసి ఆశ ఇంటి యజమానుల మీద ఆధారపడి లేదు. యూసుఫ్ (అలైహిస్సలాం) దూరమై ఏళ్ళు గడిచినా, ఏడ్చి ఏడ్చి చూపు పోయినా, అల్లాహ్ కారుణ్యం పట్ల నిరాశ చెందవద్దని మిగిలిన కుమారులకు చెప్పి వెదకడానికి పంపిన యాఖూబ్ (అలైహిస్సలాం) ఆశ వంటిది విశ్వాసి ఆశ.

ఓ అల్లాహ్! మా హృదయాలను విశ్వాసం మీద స్థిరపరచు. మా కోపాన్ని న్యాయంగానూ, మా దుఃఖాన్ని సత్కార్యంగానూ మార్చు. మా పిల్లలు తమ పేర్లను నిర్భయంగా చెప్పుకొనే రోజులు ప్రసాదించు. మమ్మల్ని ద్వేషించేవారి హృదయాలను, మా హృదయాలను కూడా నీ కారుణ్యంతో కడిగివేయి. బాధలో ఉన్న ప్రతి మనిషికీ, అతడు ఎవరైనా సరే, ఊరట కలిగించు. ఈ దేశంలో శాంతిని, సద్భావాన్ని నెలకొల్పు. ఆమీన్.