పేరు మనదే, డాట్ కామ్ ఎవరిది?

రియాద్ నుంచి మాట్లాడుతున్నాను.

ఇక్కడ మేం కొన్ని కుటుంబాలం కలిసి ప్రతి శుక్రవారం పిల్లలకి తెలుగు చెప్పుకుంటాం. పిల్లలు చదివిన పద్యాల రికార్డింగులు పెట్టడానికి ఒక వెబ్ సైటు ఉండేది. ఆ డాట్ కామ్ పేరు ఒక మిత్రుడు తన ఆఫీసు ఈమెయిలుతో, తన కార్డుతో కొన్నాడు. తర్వాత ఫైనల్ ఎగ్జిట్ మీద ఇంటికి వెళ్ళిపోయాడు. ఈమెయిలు ఆగింది, కార్డు ఆగింది, రెన్యూవల్ నోటీసులు ఎవరికీ అందలేదు. మేం చూసుకునేసరికి పేరు పరాయివాళ్ళ చేతిలో ఉంది. తప్పు ఆయన ఒక్కడిదే కాదు, అడగని మా అందరిదీ.

సరే, కొత్త పేరు వెతకడానికి కూర్చున్నాం. అప్పుడు తెలిసినవి మీకూ పనికొస్తాయని చెబుతున్నాను.

బ్రౌజరులో కొడితే సైటు రాలేదు కదా, పేరు ఖాళీగా ఉందనుకోకండి. కొని ఊరికే పెట్టుకునేవాళ్ళు బోలెడుమంది. పేర్లు అమ్మే రిజిస్ట్రార్ దగ్గర వెతకాలి. డాట్ కామ్ లాంటివాటికి ఐకాన్ వారి లుకప్ పేజీలో గడువు తేదీ కూడా కనిపిస్తుంది.

ఒక్కో తోకని ఒక్కో సంస్థ చూస్తుంది. డాట్ కామ్, డాట్ నెట్ వెరిసైన్ వి. డాట్ ఇన్ మన నిక్సీది. డాట్ ఎస్ఏ ఇక్కడి సౌదీనిక్ ది. అందుకని ఒకచోట పోయిన పేరు ఇంకోచోట దొరకొచ్చు. తెలుగు లిపిలో డాట్ భారత్ కూడా ఉందండోయ్.

ఇక మన స్పెల్లింగుల గొడవ. "అక్షరం" అన్న మాటే చూడండి. ఒకరు కె ఎస్ హెచ్ అంటారు, ఒకరు కె ఎస్, ఇంకొకరు ఎక్స్! అన్నీ వెతికి చూడాలి. ఫోనులో చెబితే అవతలివాళ్ళు తప్పులేకుండా రాయగలిగిందే మంచి పేరు.

ఇంకో మాట. డాట్ కామ్ పేరు గడువు దాటగానే పోదు. మామూలుగా కొన్ని వారాలు ఆగుతారు. రద్దు చేశాక కూడా 30 రోజులు, ఎక్కువ డబ్బు కట్టి వెనక్కి తెచ్చుకోవచ్చు. మాకు అదీ దాటాకే తెలిసింది.

చివరికి డాట్ ఆర్గ్, డాట్ ఇన్ రెండూ తీసుకున్నాం. ఈసారి ఆఫీసు ఈమెయిలు కాదు, తరగతికంటూ విడిగా ఒకటి. పాస్ వర్డు మూడు ఇళ్ళలో ఉంది, గడువు తేదీ గోడ క్యాలెండరు మీద ఉంది.

కాకినాడలో మా అమ్మ మాత్రం ఇంకా పాత పేరే కొడుతుంది. "మనవరాలి పద్యం రావట్లేదేరా" అని ఫోను చేస్తుంది. మీ సంఘం పేరు ఎవరి ఖాతాలో ఉందో ఈ రాత్రే ఒకసారి చూసుకోండి.

ఉంటానండీ, నమస్కారం.