చలి రావాలి, దుప్పటితో రావాలి

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నన్ను పది నిమిషాలు మాట్లాడమన్నారు. ముప్పై ఆరేళ్లు పాఠాలు చెప్పినవాణ్ని. పది నిమిషాల్లో దిగిపోతానని మీరూ నమ్మరు, నేనూ మాట ఇవ్వను. అయినా ప్రయత్నిస్తాను.

నేను మాట్లాడదలచుకున్నది చలి గురించి. నవ్వకండి. సంఘానికి యాభై ఏళ్లు నిండిన సభలో చలి ముచ్చట ఏమిటని మీకు అనిపించవచ్చు. కానీ మన బడి అనగానే నాకు మొదట గుర్తొచ్చేది చలే. గంట మోత, చింతచెట్టు, సార్ల చేతి బెత్తం, అన్నీ ఆ తర్వాతే.

పోయిన శీతాకాలం షికాగో నుంచి మనవడు వీడియో కాల్ చేశాడు. "తాతా, మంచు చూడు" అని ఫోన్ కిటికీ వైపు తిప్పాడు. కారు కనిపించడం లేదు, మెట్లు కనిపించడం లేదు, అంతా తెలుపే. "మీ ఊళ్లో కూడా మంచు పడేదా?" అని అడిగాడు. పడేది అన్నాను. అబద్ధం చెప్పలేదు. తెలుగులో మంచు ఒక్కటే మాట. గడ్డి మీద మెరిసే చుక్క మంచే. పొద్దున బస్సును ఆపేసే పొగ మంచే. హిమాలయాల మీద కురిసేదీ మంచే. మామిడి పూత మీద పురుగు వదిలే జిగురును కూడా రైతు తేనెమంచు అనే అంటాడు. మా నాయనమ్మ చీకటి పడగానే "మంచు పడుతున్నది, నెత్తికి గుడ్డ కట్టుకో" అనేది. షికాగో మంచు మనకు కురవలేదు. మన మంచు మనకు కురిసింది. ఆ మంచులోనే మనం ఈ బడికి నడిచి వచ్చాం.

మనది గోదావరి ఒడ్డు బడి. ఇవతల కరీంనగర్, అవతల ఆదిలాబాద్. 2016 అక్టోబర్ 11 తర్వాత ఆదిలాబాద్ నాలుగు జిల్లాలైంది, కరీంనగర్ కూడా ముక్కలైంది. జగిత్యాలవాళ్లు వేరు, మంచిర్యాలవాళ్లు వేరు అయ్యారు. చలి మాత్రం ఈ హద్దులేవీ ఎరగదు. ఉత్తరం నుంచి వచ్చి ముందు ఆదిలాబాద్‌ను పట్టుకుంటుంది, తర్వాత గోదావరి దాటి మన దగ్గరికి వస్తుంది.

మా భూగోళం సారు ఈ సంగతి బోర్డు మీద బొమ్మ గీసి చెప్పేవారు. సముద్రం దగ్గరుంటే నీరు రాత్రి వేడిని కాపాడుతుంది, మనకు సముద్రం దూరం. చలికాలంలో మధ్య భారతం మీదుగా పొడిగాలి దిగి వస్తుంది. ఆకాశంలో మబ్బు ఉండదు కాబట్టి, పగలు నేల తాగిన వేడి రాత్రి పైకి ఎగిరిపోతుంది. "మబ్బు ఆకాశానికి దుప్పటి. దుప్పటి తీసేస్తే నేలకు చలి పెడుతుంది" అనేవారు. కొండల మీద చల్లబడిన గాలి బరువెక్కి కిందికి జారి లోయల్లో నిలుస్తుంది. ఇప్పుడు ప్రతి డిసెంబర్‌లో పేపరు తెరిస్తే గిన్నెధరి, సిర్పూర్(యు), అర్లి(టి) అనే పేర్లు కనిపిస్తాయి. అక్కడ కొన్ని రాత్రులు అయిదు డిగ్రీల కంటే కిందికి పోతుంది. ఆ పేర్లు చదివినప్పుడల్లా నాకు సారు గీసిన బొమ్మే గుర్తొస్తుంది.

బడిలో అప్పుడు థర్మామీటర్ లేదు. సారు దగ్గర కొబ్బరినూనె సీసా ఉండేది. అది దాదాపు 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. ఏ కిటికీలో పెడితే ఎన్ని గంటలకు కరుగుతుందో మాతో రాయించేవారు. పొద్దున ప్రార్థన అయ్యేసరికి మా పెదవులు పగిలి జనగణమన సరిగ్గా పలికేది కాదు. మొదటి పీరియడ్ గదిలో కాదు, తూర్పు గోడ వారగా ఎండలో జరిగేది. నీడ జరిగినకొద్దీ క్లాసు జరిగేది. లెక్కల సారు "ఎండ పొరపొచ్చెం లేకుండా అందరికీ పడుతుంది, లెక్కలు మాత్రం కొందరికే పడతాయి" అనేవారు.

ఇక గొంగడి. ఈ కాలం పిల్లలకు తెలియకపోవచ్చు కాబట్టి చెబుతాను. మన కురుమ అన్నలు నల్లగొర్రెల బొచ్చు కత్తిరించి, వడికి, నేసేది గొంగడి. ఒంటికి గరుకు, కానీ చలికి అదే, వానకు అదే, కూర్చోవడానికి అదే, ధాన్యం ఆరబోయడానికీ అదే. మా నాయనమ్మ నేను ఎనిమిదో తరగతిలో చేరిన రోజు నాకొక గొంగడి ఇచ్చింది. బొచ్చున్న నల్లగొర్రెలు పోయి మాంసానికి పనికొచ్చే గొర్రెలు వచ్చాక గొంగడి తగ్గింది. తర్వాత మన ఊళ్ల నుంచి గల్ఫ్ పోయినవాళ్లు పులి బొమ్మ ఉన్న దుబాయి రగ్గులు మోసుకొచ్చారు. ఇంటికొక రగ్గు, రగ్గుకొక అయిదేళ్ల ఎడబాటు. దాని వెచ్చదనానికి ఎవరు ఏం చెల్లించారో మన సిరిసిల్ల, జగిత్యాల అక్కచెల్లెళ్లకు తెలుసు.

ఇప్పుడు అసలు మాటకు వస్తాను. యాభై ఏళ్లుగా ఈ మాట ఎవరికీ చెప్పలేదు.

1973 డిసెంబర్. నేను తొమ్మిదో తరగతి, క్లాస్ లీడర్‌ను. ఆలస్యంగా వచ్చినవాళ్ల పేర్లు రాయడం నా పని. మా క్లాసులో ఉట్నూరు వైపు గుట్టల నుంచి వచ్చిన ఒక గోండు పిల్లవాడు ఉండేవాడు. హాస్టల్లో ఉండేవాడు. లెక్కల్లో నాకంటే ముందుండేవాడు. ఆ నెలలో దాదాపు రోజూ ఆలస్యంగా వచ్చాడు. నేను దాదాపు రోజూ అతని పేరు రాశాను. సారు అతన్ని మొదటి పీరియడ్ వరండాలో నిలబెట్టేవారు. మేం ఎండలో, అతను నీడలో.

అతను ఎందుకు ఆలస్యమవుతున్నాడో సారుకు తెలియదు. నాకు తెలుసు. అతనికి దుప్పటి లేదు. పల్చటి తువ్వాల ఒక్కటే. రాత్రంతా ముడుచుకుని కూర్చుని, తెల్లవారుజామున వంటశాల పొయ్యి దగ్గర కునుకు తీసేవాడు. ఎండ వచ్చాక లేచేవాడు. ఒకసారి నన్ను అడిగాడు: "నీకు గొంగడి ఉన్నది గదా, కప్పుకుంటే ఎట్లుంటది?" పరాచికం అనుకుని నవ్వాను. మరునాడు మళ్లీ అతని పేరు రాశాను.

"మా ఊళ్ల చలి ఇంతకంటే ఎక్కువ. కానీ అక్కడ నెగడు ఉంటది, చుట్టూ మనుషులుంటరు" అనేవాడు. సంక్రాంతి తర్వాత నాగోబా జాతరకని ఇంటికి పోయాడు. తిరిగి రాలేదు. రిజిస్టర్‌లో అతని పేరు మీద ఎర్ర గీత పడింది. 1975లో మేమందరం పదో తరగతి దాటి ఈ సంఘం పెట్టుకున్నాం. సంఘం మొదటి పట్టికలో అతని పేరు లేదు.

చాలా ఏళ్ల తర్వాత, నేను టీచరుగా ఆ వైపు పనిచేస్తున్నప్పుడు, కేస్లాపూర్ జాతరకు పోయాను. పుష్య అమావాస్య. మెస్రం వంశంవాళ్లు గోదావరి నీళ్లు కాలినడకన తెచ్చి నాగోబాకు అభిషేకం చేసే రాత్రి అది. మర్రిచెట్ల కింద వందల కుటుంబాలు, నెగళ్లు. ఒక నెగడు దగ్గర నుంచి "లీడర్ సాబ్" అన్న పిలుపు వినిపించింది. అతనే. జుట్టు నెరిసింది. పక్కన ఇద్దరు కొడుకులు. జరిగి నాకు మంట దగ్గర చోటిచ్చాడు. జొన్నరొట్టె పెట్టాడు. క్షమించమని అడగాలని నోటిదాకా వచ్చింది. అడగలేకపోయాను. అతను పాత సంగతి ఏదీ ఎత్తలేదు. లేచేముందు ఒక్కటే అడిగాడు: "ఇప్పుడు హాస్టళ్ల పిల్లలకు దుప్పట్లు ఇస్తున్నరా?"

ఇస్తున్నారు అన్నాను. నిజంగా తెలిసి అనలేదు. ఆ మాటే ఇవాళ నన్ను ఈ మైకు ముందు నిలబెట్టింది.

రిటైరయ్యాక జగిత్యాల దగ్గర ఆరెకరాల మామిడి తోట పెట్టుకున్నాను. ఇప్పుడు నాకు చలి కావాలి. చలి రాకపోతే మామిడికి పూత రాదు. రాత్రులు పదిహేను డిగ్రీల దరిదాపుల్లో కొన్ని వారాలు నిలిస్తేనే కొమ్మ చిగురు మానుకుని పూతకు తిరుగుతుంది. బంగాళాఖాతంలో తుపాను పట్టి మబ్బు కమ్మితే రాత్రి వేడెక్కుతుంది, కొత్త ఆకు వస్తుంది, పూత ఆగుతుంది. పూత వచ్చాక మబ్బు పడితే తేనెమంచు పురుగు, బూడిద తెగులు. అన్నీ దాటితే మార్చిలో రాళ్లవాన. చల్‌గల్ మార్కెట్‌కు కాయ చేరేలోపు రైతు ఇన్ని గండాలు దాటాలి. శనగకూ చలే కావాలి. చలి లేని ఏడాది మా దిక్కు రైతుకు నిద్ర ఉండదు.

ఆదిలాబాద్ పత్తి రైతు మాట వేరు. అతనికి చలి ఫరవాలేదు, మంచుతోనే తంటా. మంచు ఆరకముందు ఏరిన పత్తిలో తేమ ఎక్కువ. సీసీఐ మద్దతు ధరకు కొనాలంటే తేమ 8 శాతం లోపు ఉండాలి. అక్కడి నుంచి 12 దాకా ధర కోస్తారు, 12 దాటితే కొనరు. అందుకే కూలికి పోయిన అమ్మలు చేను గట్టున మంట వేసుకుని పొద్దెక్కేదాకా ఎదురుచూస్తారు.

చలికాలాలు మునుపటిలా లేవని మనమందరం అంటాం. ముసలివాళ్ల మాట అని పిల్లలు కొట్టిపారేస్తారు. కానీ 2024 ఇప్పటివరకు నమోదైన సంవత్సరాల్లో కెల్లా అత్యంత వేడిదని ప్రపంచ వాతావరణ సంస్థే ప్రకటించింది. దాని అర్థం చలి ఇక రాదని కాదు. వస్తుంది, కొన్ని రోజులు ఎముకలు కొరుకుతుంది కూడా. మైదానంలో కనిష్ఠం 10 డిగ్రీలకు తగ్గి, మామూలు కంటే 4.5 డిగ్రీలు కిందికి పోతే శీతల గాలులు అంటారు. అటువంటి రోజులు మన వైపు ఇంకా వస్తూనే ఉన్నాయి. వేడి పెరిగిందని నమ్మి దుప్పటి కొనని ఇంట్లో పిల్లవాడికి ఆ నాలుగు రోజులే చాలు.

కాబట్టి నా ఆశలో ఒక తిరకాసు ఉంది. కార్తీకం నడుస్తున్నది. ఈ ఏడాది చలి బాగా పడాలని పొద్దున లేచి మొక్కుతున్నాను. మామిడి పూయాలి, శనగ గింజ కట్టాలి, నా మనవరాలు ఇండియాకు వచ్చినప్పుడు గడ్డి మీద మంచు తొక్కాలి. కానీ మొక్కేటప్పుడు నా భుజాల మీద రగ్గు ఉంటుంది. చలి రావాలని కోరుకోవడం దుప్పటి ఉన్నవాడికి సులువు. లేనివాణ్ని ఎవరు అడిగారు?

అందుకని సంఘం ముందు రెండు కోరికలు పెడుతున్నాను.

మొదటిది: ప్రతి ఏడాది దీపావళి లోపల, మన బడికి వచ్చే హాస్టల్ పిల్లల్లో కొత్తగా చేరినవాళ్లందరికీ తలా ఒక మంచి దుప్పటి అందాలి. ఫొటోలు వద్దు, వేదిక వద్దు. చేరిన రోజు పుస్తకాలతోపాటు దుప్పటి ఇచ్చేస్తే చాలు. అడగాల్సిన అవసరం ఏ పిల్లవాడికీ రాకూడదు. మా స్నేహితుడు అడగలేదు. ఎట్లుంటది అని మాత్రం అడిగాడు. మొదటి యాభై దుప్పట్లు నావి, సంఘానికి ఏడాదికొకటి చొప్పున. మా తోట మామిడి డబ్బుతోనే తెస్తాను. చలి ఇచ్చిన డబ్బు చలికే పోనీ.

రెండోది: బడి వరండాలో కనిష్ఠం, గరిష్ఠం చూపే ఒక థర్మామీటర్ పెట్టాలి. పిల్లలు రోజూ రాయాలి. ఇంకో యాభై ఏళ్లకు ఇక్కడ ఎవరో నిలబడి మునుపు చలి ఎక్కువ ఉండేదని అంటే, అవునో కాదో ఆ పుస్తకం తెరిచి చూసుకోవచ్చు. మా భూగోళం సారు కొబ్బరినూనె సీసాకు అది నా వందనం.

ఇంకొక చిన్న మాట. ఇప్పుడు ఈ బడిలో క్లాస్ లీడర్లుగా ఉన్న పిల్లలు ఎవరైనా ఇక్కడ ఉంటే వినండి. ఆలస్యంగా వచ్చినవాడి పేరు రాసేముందు, రాత్రి నిద్రపోయావా అని ఒక్కసారి అడగండి. అడిగాక కూడా రాయాల్సి వస్తే రాయండి. నేను అడగలేదు.

వచ్చే పుష్య అమావాస్యకు మళ్లీ కేస్లాపూర్ పోతాను. అతను అక్కడ ఉంటాడో లేదో. ఉంటే నెగడు దగ్గర కూర్చుని, ఇస్తున్నాం అని చెబుతాను. ఈసారి తెలిసి చెబుతాను. అంతకంటే ముందు, ఇన్నేళ్లు చెప్పలేకపోయిన ఆ ఒక్క మాటా చెబుతాను.

పది నిమిషాలు దాటింది, గంట కొట్టడానికి సారు లేరు కాబట్టి నేనే దిగుతున్నాను. ఈ ఏడాది చలి బాగా పడాలి. అందరూ వెచ్చగా ఉండాలి. సెలవు.