నొప్పి సంగతి నోరు విప్పి చెప్పాలి



అశోక్‌నగర్ హాస్టళ్లలో వంట చేసే ఆడవాళ్లకు నడుం నొప్పి. నారాయణగూడ ఇళ్లలో అంట్లు తోమేవాళ్లకు వేళ్ల వాపు. చిక్కడపల్లిలో మందుల షాపుకు పోయి గోలీ తెచ్చి మింగుతారు. నొప్పి గోలీలు రోజూ మింగితే కడుపులో పుండ్లు పడొచ్చు, కిడ్నీలు చెడొచ్చు.

ముషీరాబాద్‌లో సర్కారు గాంధీ ఆసుపత్రి ఉంది, దూరమేం కాదు. అక్కడ "ఒళ్లంతా నొప్పులు సారూ" అంటే చాలదు. ఎక్కడ నొప్పి? ఎన్నాళ్ల నుంచి? ఏ పని చేయలేకపోతున్నారు? ఇవి చెప్పాలి. పొద్దున లేవగానే కీళ్లు గంటసేపు బిగుసుకుపోతే, ఆ మాట ముందు చెప్పాలి. అది కీళ్లవాతం కావచ్చు. పాతికేళ్ల పిల్లకూ వస్తుంది. డాక్టరు "వయసు మీద పడింది" అంటే, "పరీక్ష అవసరం లేదా సారూ?" అని అడగాలి. అడిగితే తప్పేముంది?

ఆసుపత్రిలో చేరినవాళ్లు తమ కాగితాలు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని 2002 వైద్య నిబంధనలు చెబుతున్నాయి. చీటీలన్నీ ఒక్క సంచిలో పెట్టాలి. రాయడం వచ్చింది కదా, నొప్పి ఎక్కువైన రోజు క్యాలెండరు మీద రాసి, డాక్టరుకు చూపించాలి.